రణస్థలం దాటాక

"ఏటమ్మా, ఒంట్లో బాగోలేదా?" అని కండక్టర్ గారు అడిగేదాకా నాకు తెలియలేదు, ఏడుస్తున్నానని. విజయనగరంలో బస్సెక్కగానే బెంగాలీ రచయిత శరత్ నవల 'పరిణీత' తీశాను. రణస్థలం వచ్చేసరికి కర్చీఫ్ తడిసిపోయింది.

లలిత సరదాకి శేఖర్ మెడలో దండ వేస్తుంది. అంతే. ఎవరికీ చెప్పదు, కానీ ఆ రాత్రి నుంచి తనకి పెళ్లయిపోయినట్టే. 1914 నాటి కథ! శేఖర్ మీద మాత్రం ఒళ్లు మండిపోయింది. నోరు విప్పి ఒక్క మాట అడగొచ్చు కదా నాయనా.

మంచి ప్రేమకథ ఏదైనా చెప్పవే అన్నావు కదా వదినా, ఇది చదువు. 'దేవదాసు' ఇప్పుడొద్దు, నీకున్న టెన్షన్లు చాలు. ఇందులో చివరికైనా ఊపిరాడుతుంది.

నా కాపీ మాత్రం అడక్కు.

అన్నట్టు, చిలకపాలెంలో దిగాల్సిందాన్ని, శ్రీకాకుళం కాంప్లెక్సు దాకా వెళ్లిపోయాను.