చెరసాల నాయకుడి ఇంట్లో చంటిపిల్ల ఉన్నదా?

పొద్దున ఆరింటికే అమ్మ తయారై కూర్చుంది, మొహం మాత్రం మబ్బు పట్టినట్టే ఉంది. చెల్లె కూతురికి ఇవాళ కాజీపేట ఫాతిమానగర్‌లో జ్ఞానస్నానం, మేము బాప్తిస్మం అంటాం. పాపకు నాలుగో నెల. చెల్లె అత్తగారివాళ్ళు కాథలిక్కులు, మేము హన్మకొండలో మూడు తరాల నుంచి బాప్టిస్టులం. పెళ్ళప్పుడు ఎవ్వరూ పెద్దగా పట్టించుకోలేదు గానీ, ఈ నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి అమ్మకు మింగుడు పడటం లేదు.

ఆటోలో కూర్చున్నామో లేదో మొదలుపెట్టింది. "నమ్మి బాప్తిస్మము పొందినవాడు రక్షింపబడును అని ఉన్నది గదా బిడ్డా. ముందు నమ్మాలె, తర్వాతనే నీళ్ళు. ఆ చంటిది ఏం నమ్మింది?" మార్కు 16:16. మా ఇంట్లో దాని మీద ఇంకో మాట లేదు. నాకు పదహారేళ్ళప్పుడు, డిసెంబర్‌లో, మా అమ్మమ్మ వాళ్ళ ఊరి చెరువులో ఇచ్చారు. కాలివేళ్ళ మధ్య బురద, పాస్టరు గారు నా ముక్కుకు అడ్డం పెట్టిన చేతిరుమాలుకు కర్పూరం వాసన, ఇవే గుర్తున్నాయి. ముంచడం సమాధి, లేపడం పునరుత్థానం, బైబిల్లో రోమా పత్రిక ఆరో అధ్యాయం. అప్పుడవేవీ గుర్తు రాలేదు, చలి ఒక్కటే.

గుడిలో పాప మంచి నిద్రలో ఉంది. ఫాదర్ అడిగిన ప్రశ్నలకు చెల్లె, బావ, జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి జవాబులు చెప్పారు. అమ్మ నా వైపు చూసింది, "చూసినవా, పాప చెప్పలే" అన్నట్టు. మూడుసార్లు తల మీద నీళ్ళు పోస్తే మొదటిదానికే కళ్ళు తెరిచి, రెండోదానికి తుమ్మి, మూడోదానికి ఏడుపు అందుకుంది. వెనక నుంచి ఎవరో నవ్వారు.

అసలు పంచాయితీ భోజనాల దగ్గర. చెల్లె వాళ్ళ మామగారు రైల్వేలో చేసి రిటైరైన మనిషి, గొంతు పెంచరు. అమ్మతో "చెల్లె, అపొస్తలుల కార్యములు పదహారు చదువు. ఫిలిప్పీ చెరసాల నాయకుడు రాత్రికి రాత్రి బాప్తిస్మం తీసుకున్నడు, అతనొక్కడే గాదు, ఇంటివాళ్ళందరు. అందరంటే పిల్లలు గూడ గదా?" అన్నారు. అమ్మ తగ్గలేదు. "అన్నా, కింది వచనం గూడ చదువుండ్రి, ఇంటివారందరితో కూడ ఆనందించెను అని. చంటిపిల్లలు ఆనందిస్తరా?"

నాకు నవ్వొచ్చింది. నిజానికి ఆ ఇంట్లో చంటిపిల్ల ఉన్నట్టు గానీ లేనట్టు గానీ ఆ పుస్తకం రాసిన లూకా ఎక్కడా రాయలేదు. ఆ ఖాళీలోకి ఈయన తన మనవరాలిని తెచ్చి కూర్చోబెట్టారు, అమ్మ చెరువు గట్టున వణుకుతున్న నన్ను నిలబెట్టింది. అసలు రాసిన గ్రీకులో అయితే ఆ వచనంలో "ఇంటిల్లిపాదిగా" అనే మాట ఆనందించడానికీ నమ్మడానికీ మధ్యలో పడి ఉంటుంది, ఎటు లాగితే అటు వస్తుంది. ఇది అక్కడ చెప్పలేదు, చెప్తే ఇద్దరూ కలిసి నా మీద పడేవాళ్ళు.

మధ్యలో డోర్నకల్ నుంచి వచ్చిన చిన్నాయన. వాళ్ళది సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), అజరయ్య బిషప్ కాలంలో కట్టి 1939లో ప్రతిష్ఠించిన పెద్ద గుడి వాళ్ళది. "మాదాంట్ల చిన్నపిల్లలకు ఇస్తరు, పెద్దైనంక తానే నమ్మిన అని ఒప్పుకునే కన్ఫర్మేషన్ ఉంటది, పెద్దైనంకనే ఇప్పిస్తమన్నా కాదనరు" అని మటన్ ముక్క వెతుక్కుంటూ తేల్చేశాడు. ఎవ్వరూ వినలేదు. ఇంత సుఖంగా కొట్లాడుకోవడం కూడా ఎప్పుడూ ఉన్నది కాదు. పెద్దయ్యాక మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నవాళ్ళలో ఫెలిక్స్ మాంజ్ అనే అతన్ని జ్యూరిక్‌లో 1527లో నదిలో ముంచి చంపేశారు. చంపింది పోపు మనుషులు కాదు, అప్పటికే రోముతో తెగతెంపులు చేసుకున్న ఊరు.

వచ్చేముందు అందరం కలిసి పరలోక ప్రార్థన చేశాం. "కీడు నుండి" దగ్గర వాళ్ళు ఆమెన్ అనేశారు, అమ్మ ఒక్కతే "రాజ్యమును బలమును మహిమయు" అంటూ ముందుకెళ్ళిపోయింది. మత్తయి సువార్త పాత ప్రతుల్లో ఆ వాక్యం లేదు, కాథలిక్కులు పూజలో అంటారు గానీ ఫాదర్ ఇంకో ప్రార్థన చెప్పిన తర్వాత. చెల్లె వాళ్ళ అత్తమ్మ కళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకుని, అమ్మ అయ్యేదాకా ఆగి, రెండో ఆమెన్ కూడా చెప్పింది. బయల్దేరేటప్పుడు "వదినా, పెరుగు మర్చిపోయినవ్" అని డబ్బా చేతిలో పెట్టింది.

రాత్రి తొమ్మిదింటికి చెల్లె ఫోన్, పాపకు జలుబు చేసిందట. అమ్మ వాము మూట కాపడం పెట్టమని చెప్పి ఫోన్ పెట్టేసి, "అన్ని నీళ్ళు తలమీద పోస్తే చెయ్యదా మరి" అని గొణిగింది. చెరువులో ముంచితే నాకేం కాలేదు కదా అన్నాను.

"నీకు మూడు రోజులు జ్వరం. ఎవ్వరికీ చెప్పలేదు" అంది.