కిలో లెక్కకు అందని కంచు

ఇస్తాంబుల్‌లో డ్రమ్ములతో పాటు కర్రతో మోగించే గుండ్రటి కంచు రేకులు, అంటే సింబల్స్ చేసే వర్క్‌షాపులో తూకం వేసి, గ్రాములు రాసి, పెట్టెల్లో సర్దించడం నా పని. సుత్తి పట్టేవాళ్ల గదితో నాకు అవసరం ఉండదు. అలాంటిది, మొన్న పెద్ద ఉస్తా, అంటే పనిలో ఆరితేరిన మేస్త్రి, నన్ను పిలిచి, స్టూలు వేయించి, టీ తెప్పించి, ఒకే కొలత, ఒకే తూకం ఉన్న రెండు సింబల్స్ మోగించాడు. ఒకటి పైస్థాయిలో చాలాసేపు మోగింది. రెండోది బొంగురుగా పలికి వెంటనే అణగిపోయింది. నా పుస్తకంలో రెండింటికీ ఒకటే అంకె. "తేడా ఇక్కడుంది" అని తన అరచెయ్యి చూపించాడు.

లోహం ఒకటే. 80 పాళ్లు రాగి, 20 పాళ్లు తగరం. ఇంత తగరం కలిసిన కంచు పెళుసు, అలాగే కొడితే పగులుతుంది. అందుకే ఎర్రగా కాల్చి రోలర్ల మధ్య సాగదీస్తారు, మళ్లీ కాల్చి ఒక్కసారిగా నీళ్లలో ముంచుతారు. ఉక్కు అయితే అలా గట్టిపడుతుంది. ఈ కంచు మాత్రం మెత్తబడి దెబ్బకు లొంగుతుంది. దెబ్బలు పడేకొద్దీ రేకు గొడుగులా వంపు తిరుగుతుంది. వంపు పెరిగితే శ్రుతి పెరుగుతుంది, తగ్గితే దిగుతుంది. దెబ్బలు లోతుగా, అటూ ఇటూగా పడితే నాదం ముదురుగా వచ్చి త్వరగా ఆగుతుంది. ఆ తర్వాత లేత్ మీద పొరలు తీస్తారు. రేకు పలచబడి శ్రుతి ఇంకొంచెం దిగుతుంది. ఇవన్నీ తెలిసిన చేతికి నా త్రాసు ఏం విలువ కడుతుంది?

ఈ నగరంలో 1623లో అవెదిస్ జిల్జియన్ అనే ఆర్మేనియన్ జాతివాడు సింబల్స్ చేసే వర్క్‌షాపు పెట్టాడు. ఆ వంశం వ్యాపారం 1929లో అమెరికాకు తరలింది. ఇక్కడ మిగిలిన పాత ఫ్యాక్టరీ కూడా 1970ల చివర మూతపడింది. అయినా అందులో పని నేర్చుకున్న అగోప్, మెహ్మెత్ అనే ఇద్దరు మళ్లీ కొలిమి రాజేశారు. సుత్తి పట్టేవాడికి మర్యాద ఉన్నచోటే అలా జరుగుతుంది. మా యజమాని కూడా ఉస్తా మాట దాటడు.

ఇదంతా ఫోనులో చెబితే మా బావ అడిగిన మొదటి మాట: "కిలో ఎంత?" నాకు కోపం వచ్చింది. అయితే బావను తప్పుపట్టలేను. శ్రీకాకుళం జిల్లా బుడితి కంచు, ఇత్తడి సామానుకు పేరున్న ఊరు. అక్కడ కూడా మేం తూకం చూసే కొన్నాం, కంచరి కూలి దగ్గర బేరమాడాం. మనకు చెవి లేదంటే మాత్రం ఒప్పుకోను. నాట్యం చేసేవాళ్లకు గురువు లయ చూపే నట్టువాంగం తాళాల్లో ఒకటి కంచు, ఒకటి ఇనుము. గురువులు ఆ జతను మోగించి, విని, నచ్చితేనే తీసుకుంటారు. అక్కడ తూకం ఎవరూ అడగరు. ఆ చెవి బిందె కొనేటప్పుడు, గంట కొనేటప్పుడు ఎక్కడికి పోతుందో!

ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు బుడితిలో ఒక జత తాళాలు చేయించుకుంటాను. ముందు కూలి ఎంతో అడుగుతాను, ఆయన చెప్పినంతా ఇస్తాను.