మొదటిసారి ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నారా? బీపీ చూసేటప్పుడు జాగ్రత్త: నా అనుభవం

ఏ జబ్బూ లేకుండా, ఊరికే ఒకసారి అన్నీ చూపించుకుందామని ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్లడం నాకు ఇదే మొదటిసారి. నలభై దాటాయి, ఇక వాయిదా వేయొద్దని ఇంట్లో పోరుపెడితే వెళ్లాను. వెళ్లడం మంచిదే అయింది. కానీ అక్కడ నాకు బీపీ చూసిన పద్ధతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

ఫారం నింపడం పెద్ద పనేం కాదు. పాత ఆపరేషన్లు, అలర్జీలు, వేయించుకున్న టీకాలు అడుగుతారు. మందుల పేర్లు గుర్తు తెచ్చుకుంటూ కూర్చోకుండా స్ట్రిప్పులే సంచిలో వేసుకెళ్లండి, విటమిన్ మాత్రలతో సహా. కుటుంబంలో ఎవరికేం జబ్బులున్నాయో మాత్రం ముందే కనుక్కోండి. నాన్నకి గుండెపోటు వచ్చిందని చెప్తే సరిపోదు, ఏ వయసులో వచ్చిందని అడుగుతారు. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 ఏళ్లలోపు గుండెజబ్బు వచ్చి ఉంటే డాక్టర్లు దాన్ని సీరియస్‌గా తీసుకుంటారు.

సిగరెట్, మద్యం, నిద్ర గురించి అడిగారు. గత రెండు వారాల్లో దిగులుగా ఉందా, ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా అనీ అడిగారు. ఇవి అందరినీ అడిగేవే, ఉన్నదున్నట్టు చెప్పేయండి.

ఇక బీపీ సంగతి. చాలాసేపు కూర్చోబెట్టి, పేరు పిలవగానే గబగబా లోపలికి తీసుకెళ్లారు. బాత్రూమ్‌కి వెళ్లొస్తానంటే యూరిన్ టెస్ట్ ఉండొచ్చు, ఆగమన్నారు. ఎత్తు బల్ల ఎక్కించారు. కాళ్లు వేలాడుతున్నాయి, వీపు ఆనించడానికి ఏమీ లేదు. నర్స్ నా ఫుల్ హ్యాండ్స్ చొక్కా మీదే పట్టీ చుట్టేసి, మెషిన్ బటన్ నొక్కి, "ఏం చేస్తుంటారు సార్? ఇంతకుముందు ఎక్కడ చూపించుకునేవారు?" అని ప్రశ్నలు మొదలుపెట్టింది. ఒకపక్క పట్టీ చెయ్యి పిండేస్తుంటే ఇంకోపక్క నేను జవాబులు చెప్తున్నాను.

162/98 వచ్చింది. "అమ్మో! ఇంత బీపీ పెట్టుకుని ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు సార్? ఉప్పు బాగా తింటారా? కోపం ఎక్కువా?" అని గట్టిగా అడిగింది. తలుపు తీసే ఉంది. బయట కూర్చున్నవాళ్లు తలలు తిప్పి నావైపు చూశారు. నా ఆరోగ్యం సంగతి వాళ్లందరికీ ఎందుకు తెలియాలి? ఏ క్లినిక్‌కైనా ఈపాటి మర్యాద తెలియాలి.

మా అమ్మకి ఏళ్ల తరబడి ఇంట్లో బీపీ చూసేది నేనే. అందుకే అక్కడ జరిగింది ఎంత తప్పో నాకు వెంటనే అర్థమైంది. బీపీ చూసే ముందు అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేల మీద ఉండాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఆనించి పెట్టాలి. పట్టీ చర్మం మీదే చుట్టాలి, అది చేతికి సరిపోయే సైజుదై ఉండాలి. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ ఉండకూడదు. మూత్రం ఆపుకుని కూర్చుంటే పది పాయింట్ల దాకా పెరగొచ్చు, మాట్లాడుతుంటే ఇంకో పది. మొదటిసారి వచ్చినవాళ్లకి రెండు చేతులకీ చూడాలి. వీటిలో ఒక్కటి కూడా పాటించలేదు!

డాక్టర్ గారు లోపలికి వచ్చి స్క్రీన్ మీద అంకె చూసి, "ఒక మాత్ర మొదలుపెడదాం" అన్నారు. అప్పుడు నేను, "మందు వేసుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు డాక్టర్ గారూ. కానీ ఒకసారి బాత్రూమ్‌కి వెళ్లొస్తాను, కుర్చీలో కూర్చోబెట్టి మళ్లీ చూడండి" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, సరేనన్నారు. ఆ మాట అడగగలిగినందుకు నాకు గర్వంగానే ఉంది. డాక్టర్లని అడిగితే కోప్పడతారని చాలామంది నోరు విప్పరు. రోజూ వేసుకోవాల్సిన మాత్ర మనది, అడిగే హక్కూ మనదే.

ఈసారి ఆవిడే స్వయంగా చూశారు. 142/88. నిమిషం ఆగి మళ్లీ చూస్తే 138/86. వారం పాటు ఇంట్లో పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూసి రాసి పంపమన్నారు. మొదటి రోజు లెక్కలు వదిలేసి మిగతావాటి సగటు తీస్తారట. ఇంట్లో సగటు 135/85 దాటితే బీపీ ఉన్నట్టు. నాది 124/78 వచ్చింది. ఇలా డాక్టర్ దగ్గర ఎక్కువగా, ఇంట్లో మామూలుగా ఉండడాన్ని వైట్ కోట్ హైపర్‌టెన్షన్ అంటారు. తర్వాత ఇంటికొచ్చి చదివితే తెలిసింది, 1983లో ఇటలీలో మాన్చియా అనే ప్రొఫెసర్ బృందం పేషెంట్ల రక్తనాళంలోనే గొట్టం పెట్టి బీపీని ఆపకుండా కొలిచింది. డాక్టర్ మంచం దగ్గరికి రాగానే పై అంకె సగటున 27 పాయింట్ల దాకా ఎగబాకిందట. నాకు పట్టుకున్న టెన్షన్‌లో వింతేమీ లేదన్నమాట.

ఇది చదివి బీపీ మాత్రలు మానేసేవాళ్లు ఉంటారేమో, దయచేసి ఆ పని చేయొద్దు. ఇంట్లో కూడా ఎక్కువ వస్తే అది నిజమైన బీపీయే. ఏ బాధా తెలియకుండానే గుండెని, కిడ్నీలని దెబ్బతీస్తుంది. 180/120 దాటి, ఛాతీలో నొప్పో ఆయాసమో మాట తడబడడమో ఉంటే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి పరిగెత్తాలి. మెషిన్ కొనేవాళ్లు మణికట్టుది కాకుండా దండచేతికి కట్టేది తీసుకోండి, చేతి చుట్టుకొలత చూసుకుని మరీ.

ఈ గొడవలో డాక్టర్‌తో మాట్లాడాల్సిన అసలు సమయం అయిపోయింది. రక్తపరీక్ష ఫలితాల్లో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చూపించే లెక్క) 5.9 అని వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగర్‌కి ముందు దశ అని, నేను పట్టించుకోవాల్సింది దీన్నేనని డాక్టర్ గారు నిన్న ఫోన్‌లో చెప్పారు. ప్రస్తుతానికి మందు వద్దన్నారు. బరువు తగ్గి, నడక పెంచి, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోమన్నారు. ఇక బీపీ సంగతికొస్తే, క్లినిక్‌లో మాత్రమే ఎక్కువ వచ్చే నాలాంటివాళ్లకి ముందు ముందు నిజంగానే బీపీ వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువట, ఇంట్లో అప్పుడప్పుడూ చూసుకుంటూ ఉండమన్నారు.