రోజుకో ఫొటో, దాని కింద రెండు తెలుగు వాక్యాలు

విదేశంలో పెరిగే పిల్లలకు మనం నేర్పే తెలుగు ఎక్కువగా దూరాన ఉన్న ఊరి చుట్టూనే తిరుగుతుంది. బడికి వెళ్ళే దారిలోని పాత గడియార స్తంభం, కిటికీలోంచి కనబడే కొండ, నిన్నటి వాన మాత్రం అక్కడి భాషకే మిగిలిపోతాయి. వాళ్ళుండే చోటు గురించి కూడా తెలుగులో మాట్లాడాలంటే, ఒకే చోట నిలబడి రోజుకో ఫొటో తీయించి కింద రెండు వాక్యాలు రాయించడం చాలా మంచి పద్ధతి.

చోటును పిల్లలే ఎంచుకోవాలి, అయితే అది ఐదు నిమిషాల నడక దాటకూడదు. దాటితే రెండో వారానికే మానేస్తారు. ఫ్రేములో కదలని పాత కట్టడం ఒకటి, రుతువుతో మారే చెట్టో నీళ్ళో ఒకటి, మూడో వంతు ఆకాశం ఉండాలి. ఫోనును గోడ మీదో రెయిలింగు మీదో ఆనించి తీయించండి. పిల్లలు పొడుగవుతారు, చేత్తో పట్టుకుని తీస్తే ఏడాదిలో కోణమే మారిపోతుంది. జూమ్ 1ఎక్స్ దగ్గరే ఉంచి, గ్రిడ్ గీతలు ఆన్ చేసి, మొదటి ఫొటోలో ఏ గీత కట్టడంలో ఎక్కడ తగిలిందో రోజూ అక్కడే తగిలేలా చూడాలి. శిఖరం పట్టడం లేదని ఫోను పైకి వంచితే గోడలు లోపలికి వాలినట్టు వస్తాయి. అలాంటప్పుడు ఫోను నిటారుగా ఉంచి వెనక్కి జరగడమే మార్గం.

వేళ మార్చకండి. ఏడాదికి రెండుసార్లు గడియారం మార్చే దేశాల్లో ఉదయం ఎనిమిది అంటే ఎప్పుడూ ఒకే ఎండ కాదు. గంట ముందుకు జరిపిన రోజున సూర్యుడు ఇంకా కిందే ఉంటాడు, నీడలు ఒక్కసారిగా సాగుతాయి. ఇది పిల్లలే పట్టుకుని ఎందుకని అడుగుతారు, కాబట్టి ముందే చెప్పేయకపోవడం మేలు.

నేలంతా మంచు పరుచుకున్నప్పుడు కెమెరా ఆ తెలుపును బూడిద రంగుకు దించేస్తుంది. తెర మీద నొక్కి వెలుగును కొంచెం, సుమారు +1 దాకా, పెంచాలి. ఏసీ గదిలోంచి ఉక్కలోకి వస్తే లెన్సుకు ఆవిరి పడుతుంది. తుడిచినా మళ్ళీ పడుతుంది, ఫోను వేడెక్కేదాకా ఆగాల్సిందే.

ఇక అసలు పని, రాత. "ఫొటో గురించి రాయి" అంటే "బాగుంది" అని ఊరుకుంటారు. కొలవగలిగింది అడగండి. ఆకాశాన్ని ఎనిమిది భాగాలనుకుంటే మబ్బు ఎన్నిటిలో ఉంది? వాతావరణ పరిశీలకులు లెక్కించేది కూడా ఎనిమిదో వంతుల్లోనే. జెండా వేలాడుతోందా, రెపరెపలాడుతోందా? పడింది తుంపరా, జల్లా, ముసురా? అప్పుడు ఇలాంటివి వస్తాయి: "రాత్రంతా ముసురు. స్తంభం పైభాగం పొగమంచులో కనబడట్లేదు. గాలి లేదు."

దీన్ని అమ్మమ్మకో తాతయ్యకో పంపడం బాగానే ఉంటుంది గానీ, పెద్దలకు ఒక మాట చెప్పి ఉంచాలి. "మబ్బులు వచ్చింది" అని పిల్లవాడు రాస్తే పదిమంది ఉన్న గ్రూపులో తప్పు దిద్దవద్దు. "అవునా, మబ్బులు వచ్చాయా! వాన కూడా పడిందా నాన్నా?" అంటే చాలు, సరైన రూపం చెవిన పడుతుంది, మర్నాడు రాయడానికి ఒక ప్రశ్నా మిగులుతుంది. ఈ అలవాటు ఎక్కువగా ఆగిపోయేది బద్ధకం వల్ల కాదు, అందరి ముందూ దిద్దడం వల్లే.

వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే స్పష్టత తగ్గుతుంది, తీసిన సమయం వంటి వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే అన్నీ ఉంటాయి, ఆన్‌లో ఉంటే లొకేషన్‌తో సహా. అందుకే కెమెరా సెట్టింగుల్లోనే లొకేషన్ ఆపేయండి. ఇంటి నంబరు, బడి పేరు ఫ్రేములోకి రాకూడదు.

ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తేదీ పెడితే (2025-03-14 లాగా) వాటంతటవే వరుసలో నిలుస్తాయి. ఒక్కోటి 3 ఎంబీ అనుకున్నా ఏడాదికి ఒక జీబీ పైచిలుకే. సెకనుకు 10 చొప్పున వీడియో చేస్తే ఏడాదంతా 36 సెకన్లలో చూడొచ్చు. తప్పిపోయిన రోజుకు మర్నాటి ఫొటో అతికించకండి, ఖాళీగానే వదిలి ఎందుకు తీయలేదో ఒక్క ముక్క రాయించండి.