టైబీరియస్ మార్కులు తెచ్చాడు, బ్రూటస్ తేలేదు

సివిల్స్‌లో హిస్టరీ ఆప్షనల్ తీసుకున్న మిత్రులకు నా అనుభవం ఒకటి. శాతవాహనుల నాటి వర్తకం మీద మాక్ టెస్టులో "రోమన్ నాణేలు విరివిగా దొరికాయి" అని రాసి, భారత్‌కి ఏటా ఐదు కోట్ల సెస్టెర్సులు (రోమన్ నాణేలు) పోతున్నాయన్న రోమన్ రచయిత ప్లినీ ఏడుపు జోడించి ఊరుకున్నాను. దిద్దినాయన ఎర్ర ఇంకుతో "ఎవరి నాణేలు? వాటి మీద ఏముంది?" అని రాశారు. 15కి 4.

ఆ రాత్రే దినారియస్‌ల (రోమన్ వెండి నాణేల) ఫొటోలు ముందేసుకుని కూర్చున్నా. మన దేశంలో దొరికిన ఈ వెండి నాణేల్లో రెండు రకాలే ఎక్కువ. ఒకటి రోమన్ చక్రవర్తి అగస్టస్‌ది. వెనకవైపు డాళ్లు, ఈటెలతో ఇద్దరు కుర్రాళ్లు. ఆయన దత్తత తీసుకున్న మనవళ్లు గయస్, లూసియస్. నా తర్వాత వీళ్లే అని ఊరూరా చాటింపు వేయించినట్టు. వాళ్ల పైన గరిటె, వంకర కర్ర ఉంటాయి. వంటసామాను అనుకునేరు (నేను అనుకున్నా), పూజారుల పనిముట్లవి. తీరా క్రీ.శ. 2లో లూసియస్, 4లో గయస్ పోయారు. గద్దె సవతి కొడుకు టైబీరియస్‌కి దక్కింది.

రెండో రకం అతనిదే. రాజదండం, కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ, చుట్టూ ప్రధాన పూజారి అన్న బిరుదు. ఆమె అతని తల్లి లివియా అని చాలామంది అంటారు. మీరు మాత్రం "భావిస్తారు" అనే రాయండి, ఖాయం చేయకండి. నల్గొండ జిల్లా అక్కెనపల్లి నిధిలో ఉన్నవి ఈ ఇద్దరు చక్రవర్తుల నాణేలే. క్రీ.శ. 64లో చక్రవర్తి నీరో దినారియస్‌లో వెండి తగ్గించాడన్నది కూడా ఒక వాక్యం వేయండి.

ఇక బ్రూటస్, రోమ్ పాలకుడు జూలియస్ సీజర్‌ని చంపినవాళ్లలో ఒకడు. క్రీ.పూ. 42 నాటి నాణెం. రెండు బాకులు, మధ్యలో టోపీ, కింద సీజర్‌ని చంపిన రోజు. విడుదలైన బానిస పెట్టుకునే టోపీ అది, అంటే రోముకి విముక్తి అని. బతికుండగానే తన తల నాణెం మీద వేయించుకున్న సీజర్‌ని చంపి, ముందువైపు తన తలే వేయించుకున్నాడు మహానుభావుడు! దీని వెంటపడి వారం పోగొట్టా. సిలబస్‌లో లేదు. ఆదివారం చూసుకోండి.

నోట్సులో పెన్సిల్‌తో బొమ్మలు కూడా వేశా. అగస్టస్ మా ఇంటి ఓనరులా వచ్చాడు గానీ, గరిటె ఎక్కడుందో మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.