ఒక్క బైటు పక్కకు జరిగితే

బెంగళూరు మారతహళ్లి దగ్గర మా ఆఫీసు. మేము తయారుచేసే బోర్డు నుంచి పెద్ద ఫైల్ పంపితే మధ్యలో ఆగిపోయి, కాసేపటికి మళ్లీ కదిలేది. ఆగిన ప్రతిసారీ అవతలి సిస్టమ్‌లో టీసీపీ చెక్‌సమ్ (డేటా దారిలో చెడిందేమో పట్టుకోవడానికి ప్రతి ప్యాకెట్‌తో పంపే లెక్క) తప్పుల కౌంటర్ పెరిగేది. ఆ పని నాకు అప్పగించారు.

మొదటి రెండు రోజులూ దారి తప్పాను. పంపే బోర్డు మీదే ప్యాకెట్లను పట్టి చూపించే టీసీపీడంప్ పెడితే, వెళ్లే ప్రతి ప్యాకెట్ చెక్‌సమ్ తప్పని చూపించింది. బాగా టెన్షన్ పడ్డాను. పక్క టీమ్‌లో ఉండే నెల్లూరు అన్న చూసి, "తమ్ముడూ, ఆ లెక్క నెట్‌వర్క్ కార్డుకి అప్పగించారు కదా, అది నింపకముందే నువ్వు చూస్తున్నావు. అవతల పట్టి చూడు" అన్నాడు. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన ఎవరికైనా నేను ముందు చెప్పేది ఇదే.

అవతల పట్టి చూస్తే చెడ్డ ప్యాకెట్లు ఎక్కడో ఒకటి. కార్డు సెట్టింగులు మార్చే ఎథ్‌టూల్‌తో ఆఫ్‌లోడ్, అంటే లెక్కను కార్డుకి అప్పగించడం, ఆపేస్తే అవీ లేవు. "హార్డ్‌వేర్ తప్పే, ఆఫ్‌లోడ్ ఆపేసి రిలీజ్ చేద్దాం" అన్నారు మీటింగ్‌లో. నాకు మనసొప్పలేదు. ఆ లెక్కంతా ఆ చిన్న ప్రాసెసర్ నెత్తిన పడుతుంది.

కార్డును నడిపించే డ్రైవర్ కోడ్ మొదటి నుంచి చదివాను. ప్యాకెట్ మరీ ఎక్కువ ముక్కలుగా వస్తే కార్డుకు ఇవ్వకుండా డ్రైవరే చెక్‌సమ్ కడుతోంది. చెడ్డవన్నీ ఆ దారిలో వెళ్లినవే. వాటిలో మొదటి ముక్క పొడవు ప్రతిసారీ బేసి సంఖ్య!

కాగితం తీసుకున్నాను. ఇంటర్నెట్ చెక్‌సమ్ కట్టే తీరు గురించిన 1988 నాటి పత్రం ఆర్ఎఫ్‌సీ 1071 చెప్పే లెక్క సులువే: బైట్లను రెండేసి జతగా కూడాలి, పైకి పొంగింది తెచ్చి కింద కలపాలి, చివర్లో బిట్లన్నీ తిరగెయ్యాలి. హెక్స్‌లో 11 22 33 బైట్లు ఒక ముక్క, 44 55 రెండోది అనుకుందాం. కలిపి చూస్తే 1122, 3344, చివర జత లేని 55కి సున్నా బైటు చేర్చి 5500. మొత్తం 9966. మా డ్రైవర్ విడివిడిగా కూడుతోంది: మొదటి ముక్క 1122, 3300 కలిపి 4422; దానికి 4455 చేరిస్తే 8877. రెండో ముక్క బేసి చోట మొదలైంది కాబట్టి దాని మొత్తంలో బైట్లు తారుమారు చేసి 5544గా కలపాలి. 4422కి 5544 కలిపితే సరిగ్గా 9966. అది చూసిన క్షణం కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

లైనక్స్ కర్నెల్‌లో ఇందుకోసమే సీసమ్_బ్లాక్_యాడ్ ఉంది. ముక్క ఎక్కడ మొదలైందో చెబితే మిగతాది అదే చూసుకుంటుంది. మావాళ్లు మామూలు సీసమ్_యాడ్ వాడారు. మార్చింది ఒక్క లైను. అక్కడే ఇంకోటీ కనిపించింది: టీసీపీ లాగే డేటా పంపే మరో పద్ధతి యూడీపీలో లెక్క సున్నా వస్తే సున్నానే పంపేస్తోంది. ఐపీవీ4లో సున్నా అంటే చెక్‌సమ్ కట్టలేదని అర్థం, కాబట్టి బిట్లన్నీ ఒకట్లుగా పంపాలి. అదీ సరిచేశాను.

మొదటి ముక్క పొడవును ఒక్కో బైటు పెంచుతూ పంపే టెస్ట్ రాసి రాత్రంతా నడిపాను. పొద్దున వచ్చేసరికి కౌంటర్ కదల్లేదు. ఆఫ్‌లోడ్ ఆన్‌లో ఉంచే రిలీజ్ చేశాం.