11 దగ్గరే ఆగిపోతోందా? తప్పు వైఫైది కాదు

నాస్‌లోకి, అంటే ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించి ఫైళ్లు దాచుకునే డబ్బాలోకి, ఫైళ్లు పంపుతున్నప్పుడు కాపీ విండోలో వేగం అంకె ఒకటి ఆడుతూ ఉంటుంది. ఇంకా ఎన్ని నిమిషాలు పడుతుందో చూస్తాం గానీ దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కొత్త రౌటర్‌కి డబ్బులు పోసే ముందు నాలుగైదు జీబీల వీడియో ఫైలు ఒకటి పంపి, ఓ నిమిషం పాటు ఆ అంకెనే చూడండి. అది ఎక్కడ నిలకడగా నిలబడిందో చూస్తే జబ్బు ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది.

ముందు బిట్లు, బైట్ల గోల తేల్చుకుందాం. రౌటర్ డబ్బా మీద రాసేది ఎంబీపీఎస్, అంటే సెకనుకు మెగాబిట్లు. కాపీ విండో చూపేది మెగాబైట్లు. మొదటిదాన్ని 8తో భాగిస్తే రెండోది వస్తుంది. 100 ఎంబీపీఎస్ కేబుల్ అంటే లెక్కకి 12.5 ఎంబీ, చేతికొచ్చేది 11 చిల్లర. గిగాబిట్ అంటే లెక్కకి 125, చేతికొచ్చేది 110 పైచిలుకు. అన్నట్టు, ఇంటర్నెట్ ప్లాన్ పెంచుకుంటే నాస్ వేగం పెరుగుతుందనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. పెరగదు. ల్యాప్‌టాప్ నుంచి రౌటర్‌కి, రౌటర్ నుంచి నాస్‌కి వెళ్లే ఫైలు ఇంటి గడప దాటదు.

ఇక అంకెల సంగతి. వేగం 3 ఎంబీ దగ్గరే కొట్టుకుంటుంటే రౌటర్ సెక్యూరిటీ సెట్టింగులో టీకేఐపీ అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఉండిపోయి ఉంటుంది, లేదా డబ్ల్యూఎంఎం అనే ఆప్షన్‌ని ఎవరో ఆపేసి ఉంటారు. రెంటిలో ఏది జరిగినా వైఫై 54 ఎంబీపీఎస్ కాలానికి వెళ్లిపోతుంది, ఎంత ఖరీదైన రౌటర్ అయినా సరే. డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ గానీ డబ్ల్యూపీఏ3 గానీ పెట్టి, డబ్ల్యూఎంఎం ఆన్ చేయండి. 5 నుంచి 8 మధ్య తిరుగుతుంటే ల్యాప్‌టాప్ నెమ్మదిగా ఉండే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి అతుక్కుని ఉంది. 60, 70 వస్తుంటే రెండు యాంటెనాల వైఫై 5 తరం కార్డు ఇవ్వగలిగిందంతా ఇస్తోంది, దాన్ని తిట్టుకోవద్దు. 110 వస్తే నాస్ పోర్టే నిండిపోయింది. మిగిలినవి 11, 30. ఎక్కువమంది ఇరుక్కునేది ఈ రెంటి దగ్గరే.

11 అన్నది వైఫై అంకె కాదు. వైఫై వేగం గాలిలాగే ఊగుతుంది, 40కి పోతుంది, 25కి దిగుతుంది, మళ్లీ లేస్తుంది. గీత గీసినట్టు 11.2, 11.3 దగ్గరే నిలబడిందంటే దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ కేబుల్ గానీ పోర్టు గానీ ఉంది. మొదట అనుమానించాల్సింది ఫైబర్ కనెక్షన్‌తో వచ్చిన డబ్బానే. వీటిలో చాలావాటికి నాలుగు లాన్ పోర్టులున్నా గిగాబిట్ ఒక్కటే ఉంటుంది, మిగతా మూడూ 100వే. పైకి నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. పోర్టు పక్కన జీఈ (గిగాబిట్) అని ఉందా, ఎఫ్ఈ (100) అని ఉందా చూడండి. ఏమీ రాయకపోతే నాస్ కేబుల్‌ని పోర్టు మార్చి మార్చి పెట్టి, ప్రతిసారీ నాస్ నెట్‌వర్క్ పేజీలో లింక్ స్పీడ్ ఎంత చూపిస్తోందో చూడండి. 1000 చూపించిన పోర్టు నాస్‌ది. టీవీకి, సెట్‌టాప్ బాక్సుకీ 100 చాలు, వాటిని పక్క పోర్టుకి తోసేయండి.

ఏ పోర్టులో పెట్టినా 100 దాటకపోతే కేబుల్ చివర ప్లగ్గుని వెలుతురులో పట్టుకుని చూడండి. పారదర్శకంగా ఉండే ఆ ప్లాస్టిక్ లోపల ఎనిమిది రంగు తీగలు పక్కపక్కన కనిపించాలి: తెలుపు–నారింజ, నారింజ, తెలుపు–ఆకుపచ్చ, నీలం, తెలుపు–నీలం, ఆకుపచ్చ, తెలుపు–గోధుమ, గోధుమ. 100 ఎంబీపీఎస్‌కి ఇందులో 1, 2, 3, 6 స్థానాల తీగలు నాలుగు చాలు. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. గోడలో కేబుల్ లాగినవాళ్లు ఆ నాలుగే బిగించి, మిగతా నాలుగింటినీ కత్తిరించేయడమో, సీసీ కెమెరాకో ఫోనుకో వాడేయడమో మామూలే. ఇంటర్నెట్ బాగానే వస్తుంది కాబట్టి ఏళ్ల తరబడి ఎవరికీ అనుమానం రాదు. ఎనిమిది తీగలూ ఉండి కూడా 100 దగ్గరే ఆగితే ఒక తీగ ప్లగ్గులో సరిగా దిగలేదన్నమాట. రెండు కొసలూ కత్తిరించి కొత్త ప్లగ్గులు వేయించండి. క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల వరకు గిగాబిట్‌ని మోస్తుంది, క్యాట్ 8 పేరుతో అమ్మే ఖరీదైన కేబుల్ ఇంటికి దండగ. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా కొనకండి. వంచిన చోట విరుగుతుంది.

ఈ ఒక్క మరమ్మతుతో ఏమొస్తుందంటే, 64 జీబీల పెళ్లి వీడియో ఫోల్డరు 11 ఎంబీతో వెళ్తే గంటా ముప్పావు కాకపోయినా 97 నిమిషాలు పడుతుంది. 60 వస్తే 18 నిమిషాల్లో అయిపోతుంది.

30 దగ్గర ఆగేదానికి కారణాలు రకరకాలు. అన్నిటికంటే మామూలుది, నాస్ కూడా వైఫై మీదే ఉండటం. గాలిలో ఒక చానల్ మీద ఒకసారి ఒకరే మాట్లాడాలి. ల్యాప్‌టాప్ రౌటర్‌కి చెప్పిన ప్రతి ముక్కనీ రౌటర్ మళ్లీ అదే గాలిలో నాస్‌కి చెప్పాలంటే వేగం సగం అవుతుంది. గోడకి తగిలించే రిపీటర్లు, వైర్ లేకుండా మాట్లాడుకునే మెష్ డబ్బాలు చేసేదీ ఇదే. కాబట్టి నాస్‌కి కేబుల్ తప్పనిసరి. ఈ విషయంలో బేరం లేదు. మెష్ ఉంటే డబ్బాల మధ్య కూడా కేబుల్ వేయించండి. అది కుదరని ఇంట్లో ల్యాప్‌టాప్ ఏ డబ్బాకి కలుస్తుందో నాస్‌ని ఆ డబ్బాకే తగిలించండి, గాలిలో ఒక ప్రయాణం తగ్గుతుంది.

రెండో కారణం ల్యాప్‌టాప్ లోపలే ఉంటుంది. చవక మోడళ్లలో ఒకే యాంటెనాతో పనిచేసే వైఫై కార్డు వేస్తారు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ షో ఇంటర్‌ఫేసెస్’ అని ఇంగ్లిష్‌లో కొడితే రిసీవ్ రేట్, ట్రాన్స్‌మిట్ రేట్ కనిపిస్తాయి. రౌటర్ పక్కనే కూర్చున్నా 433 దాటకపోతే కార్డు ఒంటి యాంటెనాది. రెండు యాంటెనాల వైఫై 5 కార్డు అదే చోట 866 చూపిస్తుంది, వైఫై 6 అయితే 1201. మ్యాక్‌లో ఆప్షన్ మీట నొక్కి పట్టుకుని వైఫై గుర్తుని క్లిక్ చేస్తే ఇదే సమాచారం వస్తుంది. ఈ లింక్ రేట్‌లో నిజంగా చేతికొచ్చేది 55 నుంచి 65 శాతం. అంటే 866కి సుమారు 500 ఎంబీపీఎస్, బైట్లలో 60 పైచిలుకు.

కార్డు మార్చుకోవచ్చు. ఇంటెల్ ఏఎక్స్210 రెండు యాంటెనాలది, 160 మెగాహెర్ట్జ్ చానల్ వెడల్పు దాకా పనిచేస్తుంది. పేరు దగ్గరగా ఉన్న ఏఎక్స్211 అలా కాదు, ఇంటెల్ కొత్త ప్రాసెసర్లు ఉన్న బోర్డుల్లోనే పలుకుతుంది. కొనే ముందు వెనక మూత విప్పి రెండు విషయాలు చూడండి: కార్డు విడిగా బిగించి ఉందా లేక బోర్డుకే అతికించి ఉందా, యాంటెనా తీగలు రెండున్నాయా ఒకటేనా. తీగ ఒక్కటే ఉన్న ల్యాప్‌టాప్‌కి కొత్త కార్డు పెట్టినా లాభం ఉండదు. ఆ తీగ చివర గుండీలు మిరియపు గింజ కంటే చిన్నవి. కచ్చితంగా పైన పెట్టి గోరుతో నిలువుగా నొక్కితే టక్‌మని కూర్చుంటాయి, పక్కకి నొక్కితే వంగిపోతాయి.

మూడో కారణం, నాస్ అనుకుంటున్నది నిజానికి రౌటర్ యూఎస్‌బీ పోర్టుకి తగిలించిన హార్డ్‌డిస్క్ కావడం. రౌటర్ ప్రాసెసర్‌కి అంత ఓపిక ఉండదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే విండోస్ ఫార్మాట్‌లో ఉన్న డిస్క్ అయితే మరీ ఆయాసపడుతుంది. పైగా యూఎస్‌బీ 3 డిస్కులూ కేబుళ్లూ 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల రేడియో రొద పుట్టిస్తాయి. డిస్క్ పెట్టాక వైఫై బలహీనపడిందంటే భ్రమ కాదు. డిస్క్‌ని యాంటెనాలకి దూరంగా జరపండి. రాస్‌ప్‌బెర్రీ పై 3బీ ప్లస్ అనే చిన్న కంప్యూటర్‌తో నాస్ కట్టుకున్నవాళ్లకీ 30 దగ్గరే గోడ. దాని గిగాబిట్ పోర్టు లోపల యూఎస్‌బీ 2 మీదుగా వెళ్తుంది. పై 4 నుంచి ఆ బాధ లేదు.

ఇంతకీ తప్పు నెట్‌వర్క్‌దా, డిస్క్‌దా అని తేల్చేది ఐపర్ఫ్3 అనే ప్రోగ్రాం. డిస్క్‌తో సంబంధం లేకుండా దారి వెడల్పు మాత్రమే కొలుస్తుంది. నాస్‌లో దాన్ని మైనస్ ఎస్‌తో సర్వర్‌గా నడిపి, ల్యాప్‌టాప్‌లో మైనస్ సీ తర్వాత నాస్ ఐపీ అడ్రస్ ఇవ్వాలి. చివర మైనస్ పెద్ద ఆర్ చేర్చి మళ్లీ నడిపితే ఎదురు దిశలో కొలుస్తుంది. 94 ఎంబీపీఎస్ వస్తే 100 ఎంబీపీఎస్ పోర్టు దొరికినట్టే. 941 అంటే నిఖార్సైన గిగాబిట్. ఐపర్ఫ్‌లో 500 వచ్చి కాపీ మాత్రం 20 ఎంబీ దాటకపోతే వైఫైని వదిలేసి నాస్ మీద పడండి.

గాలి విషయానికొస్తే, మొదటి పని 2.4కీ 5కీ వేర్వేరు పేర్లు పెట్టడం. ఒకే పేరుంటే ల్యాప్‌టాప్ తనకి నచ్చినదానికి పోతుంది, దానికి తరచుగా నచ్చేది 2.4. రెండోది చానల్ వెడల్పు. 5 గిగాహెర్ట్జ్‌లో 80 మెగాహెర్ట్జ్ ఉండాలి. ఆటోలో వదిలితే కొన్ని రౌటర్లు 40కి, 20కి దిగిపోయి అక్కడే ఉంటాయి. అపార్టుమెంట్లలో అందరి రౌటర్లూ 36–48 చానళ్ల మీదే గుమిగూడి ఉంటాయి. 149–161కి మారి చూడండి. మన దేశంలో 2018లో 5150–5350, 5470–5875 మెగాహెర్ట్జ్‌లకు లైసెన్సు అక్కర్లేకుండా చేశారు కాబట్టి ఇది చట్టబద్ధమే. 52 నుంచి 144 దాకా ఉన్న చానళ్లు రాడార్లతో పంచుకునేవి. అక్కడికి వెళ్లే ముందు రౌటర్ కనీసం 60 సెకన్లు చెవి పెట్టి వినాలి. రాడార్ వినిపిస్తే ఉన్నపళంగా ఖాళీ చేయాలి, కాపీ మధ్యలో ఉన్నా సరే. 160 మెగాహెర్ట్జ్ వెడల్పు పెట్టారంటే ఆ రాడార్ చానళ్లని కలుపుకున్నట్టే. విమానాశ్రయం దగ్గరలో ఇల్లుంటే 80తో సరిపెట్టుకోవడం మేలు.

రౌటర్ ఎక్కడుంది అన్నది వీటన్నిటికంటే పెద్దది. ఫైబర్ తీగ గుమ్మం దగ్గర దిగింది కదా అని డబ్బాని చెప్పుల స్టాండ్ పైన సజ్జ మీదో, టీవీ వెనకో పడేస్తారు. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఒకటి దాటేసరికే సగం ఊపిరి పోతుంది. మధ్యలో ఇనప బీరువా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ల్యాప్‌టాప్ దగ్గర సిగ్నల్ బలం మైనస్ 60 డీబీఎం కంటే మెరుగ్గా ఉంటే బాగున్నట్టు, మైనస్ 70 దాటి పడిపోతే ఏ సెట్టింగూ కాపాడలేదు. రౌటర్‌ని రెండు మీటర్లు జరిపితే వచ్చేది ఏ సెట్టింగుతోనూ రాదు.

నాస్ వైపు తప్పులు కొన్నే. కాపీ మొదట్లో 100 చూపించి, రెండు మూడు జీబీలయ్యాక 20కి కుప్పకూలితే ముందు నింపినది మెమరీని, ఇప్పుడు బయటపడింది డిస్క్ అసలు వేగం. ట్రాకుల్ని పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చే ఎస్‌ఎంఆర్ డిస్కులకి ఇది పుట్టుక లక్షణం. మోడల్ నంబర్ వెతికి చూసుకోండి, నాస్‌కి ట్రాకులు విడివిడిగా ఉండే సీఎంఆర్ డిస్కే కొనండి. షేర్ సెట్టింగుల్లో ఎస్‌ఎంబీ1 అనే పాత ఫైల్ షేరింగ్ పద్ధతి ఉంటే తీసేయండి, అది నెమ్మదీ, ప్రమాదమూ. ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి అని పెట్టి ఉంటే పాత ప్రాసెసర్ అక్కడే చతికిలపడుతుంది. రాస్‌ప్‌బెర్రీ పై 4లో ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ కోసం ప్రత్యేక సర్క్యూట్ లేదు, పై 5లో ఉంది. నాస్‌ని తయారీదారు ఇచ్చిన ఇంటర్నెట్ పేరుతో కాకుండా ఇంట్లో ఐపీ అడ్రస్‌తో తెరవండి. లేకపోతే ఫైలు ఊరంతా తిరిగి ఇంటికొచ్చే అవకాశం ఉంది. ఒకసారికి పంపే డేటా ముక్కని పెద్దది చేసే జంబో ఫ్రేముల జోలికి పోకండి, వైఫైకి వాటితో పనిలేదు.

చిన్న ఫైళ్ల కథ వేరు. 150 కేబీల వాట్సాప్ ఫొటోలు 20,000 ఉన్నాయనుకోండి, మొత్తం 3 జీబీలు. 60 ఎంబీ వేగంతో 50 సెకన్లలో పోవాలి. పోవు. ఒక్కో ఫైలుకీ తెరువు, రాయి, తారీఖు పెట్టు, మూయి అంటూ ల్యాప్‌టాప్, నాస్ మధ్య కబుర్లు నడుస్తాయి. ఫైలుకి 30 మిల్లీసెకన్లు పట్టినా అదొక్కటే 10 నిమిషాలు. దీనికి వెడల్పాటి దారి పనికిరాదు, ఒకేసారి ఎక్కువమంది నడవాలి. విండోస్‌లో రోబోకాపీ అనే కాపీ కమాండ్‌కి ‘/ఎంటీ:16’ ఆప్షన్ ఇస్తే 16 ఫైళ్లు పక్కపక్కన వెళ్తాయి. అంతకంటే సులువు, కుదింపు లేకుండా ఒకే జిప్‌గా కట్టి పంపి నాస్‌లోనే విప్పడం. ఫొటోలని కుదించినా తగ్గేదేమీ ఉండదు కాబట్టి ‘స్టోర్’ ఎంచుకోండి.

నాస్ కొత్తగా కొని పాత డిస్కుల్లోని 2 టీబీలు ఎక్కించాలంటే మాత్రం మొదటిసారి ల్యాప్‌టాప్‌కీ కేబుల్ పెట్టండి. 60 ఎంబీతో 9 గంటలు దాటేది 110తో 5 గంటల్లో పూర్తవుతుంది, మధ్యలో వైఫై తెగి మళ్లీ మొదలెట్టే బాధా ఉండదు. ఈథర్‌నెట్ పోర్టు లేని ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ 3 గిగాబిట్ అడాప్టర్ దొరుకుతుంది. యూఎస్‌బీ 2ది తెస్తే 35, 40 దగ్గరే ఆగుతుంది. పవర్ సెట్టింగుల్లో స్లీప్‌ని ‘నెవర్’ చేసి, చార్జర్ పెట్టి, మూత తెరిచే ఉంచి పడుకోండి.